చుక్కలకు తోకలున్న ఫోటో

సారు పోయాడన్న కబురు కార్డు మీద వచ్చింది. మా ఊళ్ళో చావు కార్డు గడప దాటి లోపలికి రాదు. తపాలా అతను వాకిట్లోనే నిలబడి చదువుతాడు, విన్నవాళ్ళు అక్కడికక్కడే చింపి మోరీలో పడేస్తారు, ఆ తర్వాతే స్నానం. అతను చదివాడు. చిట్యాలలో, సొంత ఇంట్లో, తెల్లవారుజామున, నిద్రలోనే పోయాడట సారు. చదివి, నాకోసం తనే చింపడానికి కార్డును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"ఇటియ్యి."

"అవ్వా, చావు కార్డు ఇంట్ల పెట్టుకుంటరా? మంచిది గాదు."

"సారు పోయినంక ఇంక మంచేంది, చెడేంది? ఇటియ్యి."

ఆ కార్డు ఇప్పుడు నా ఇంట్లో వడ్ల గుమ్మి పక్కన గూట్లో, పసుపు డబ్బా కింద ఉంది. నాకు చదువు రాదు, దాన్ని తీసి చూసుకొని చేసేదేమీ లేదు. కానీ సారును గురించిన కాగితం ఈ ఊళ్ళో ఇప్పటికే ఒకటి ఒకసారి మాయమయింది. రెండోదాన్ని పోనివ్వదలచుకోలేదు.

ఇది మా చిన్న కోడలు రాస్తున్నది. పదో తరగతి దాకా చదివింది. నా నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే రాస్తానంటే వద్దన్నాను. మా మాటను చూసి నవ్వేవాళ్ళు పట్నంలో ఉన్నారు, నా ముఖం మీదే ఒకసారి నవ్వారు. అందుకని పుస్తకాల్లో ఉన్నట్టు రాయమన్నాను. మనుషులు మాట్లాడిన చోట మాత్రం వాళ్ళు మాట్లాడినట్టే ఉండాలి. అక్కడ ఒక్క అక్షరం దిద్దినా ఊరుకోను.

నా తగాదా ఏమిటో ముందే చెప్తాను. మా ఊరు పాలకుర్తి నుంచి జనగామ పోయే దారికి కొంచెం లోపలికి ఉంటుంది. ఊరి హైస్కూల్లో, సైన్సు గది గోడకు, అద్దం కట్టిన ఫోటో ఒకటి ఉంది. నల్లటి ఆకాశం, నిండా చుక్కలు, నడుమ బొటనవేలి గోరంత తెల్లటి పొగ. అది సారు తీసిన ఫోటో. సారు పోయాక బడిలో సంతాప సభ పెట్టారు. ఆ రోజు మా కోడలు ఆ ఫోటో కింద అంటించిన కాగితం చదివి నాకు చెప్పింది. 'విదేశాలలో పెద్ద దుర్భిణితో తీసిన నీహారిక చిత్రం' అని ఉందట. సభలో లేచిన ఒక పెద్దమనిషి కూడా సారు మంచివాడని, ఆకాశం బొమ్మలు జమచేసే అలవాటు ఉండేదని చెప్పి కూర్చున్నాడు.

జమచేయడమా? ఆ ఫోటో కోసం సారు ఎన్ని ఏళ్ళు చూశాడో, ఎన్ని రీళ్ళు పారేశాడో నాకు తెలుసు. నేను లేచి నిలబడ్డాను. తర్వాత ఏం జరిగిందో చివర చెప్తాను. సారు ఎలాంటివాడో తెలియకపోతే నేను ఎందుకు లేచానో మీకు తెలియదు.

అరవై తొమ్మిది ఉద్యమానికి రెండేళ్ళ ముందు సారు మా ఊరికి సైన్సు చెప్పడానికి వచ్చాడు. భార్యాపిల్లలు చిట్యాలలో పొలం దగ్గరే ఉన్నారు. మా ఇంటి ముందరి అర్రలో దిగాడు. అప్పటికే నా పెనిమిటి లేడు. ఇద్దరు కొడుకులను పెట్టుకొని నలుగురి ఇళ్ళకు జొన్నలు, మక్కలు విసిరి బతుకుతున్నాను.

సారు చేతులు వణికేవి. చిన్నప్పుడు వచ్చిన ఒక జ్వరం చేతుల్లోనే ఉండిపోయిందని చెప్పేవాడు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. నల్లబోర్డు మీద గీత గీస్తే అది వాగు మీద నీడలా కదిలేది. పిల్లలు నవ్వితే కోపం తెచ్చుకునేవాడు కాదు.

"నా గీత వంకర ఉన్నదని మీకు తెలిసిందంటే సక్కటి గీతేందో మీకు ఎర్కైనట్టే. ఇగ గీయుండ్రి," అనేవాడట.

ఉద్యమం వచ్చాక బళ్ళు మూతపడ్డాయి. నెలల తరబడి మూతే. పెద్ద పిల్లలు జనగామ స్టేషన్ దాకా జులూసులు పోయేవాళ్ళు. సారు కూడా పోయాడు. ఒకసారి తిరిగొచ్చి, వారం రోజులు గోడకు వీపు ఆనించకుండా కూర్చున్నాడు. లాఠీ దెబ్బ తగిలిందా అంటే, "గోడ గరుకున్నది అక్కా," అన్నాడు. పాఠం చెప్పకుండా ఉండలేని మనిషి. పిల్లలు లేరు, బోర్డు లేదు. జనగామ స్టూడియోలో ఒక పాత కెమెరా సంపాదించి తెచ్చాడు. పొద్దు గూకగానే మా ఇంటి వెనక కల్లంలో దాన్ని మూడు కాళ్ళ బల్ల మీద నిలబెట్టి మొగులుకేసి తిప్పేవాడు. మేము ఆకాశాన్ని మొగులంటాం.

మొదట వచ్చిన ఫోటోలన్నీ గీతలే. చుక్క అన్నది లేదు. నాకు చూపించాడు.

"ఏంది సారూ గిది? చుక్కలన్ని పుల్లలైనయ్."

"భూమి తిరుగుతున్నది అక్కా. కెమెరా దాని మీదనే ఉన్నది గద, గదీ తిరిగింది. చుక్కలు ఆడనే ఉన్నయ్. మనమే తిరుగుతున్నం."

"నేనేడ తిరుగుతున్న? పొద్దటి సంది గీ రాయికాడనే కూసున్న."

సారు అంత నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. తర్వాత ఆ మాటను బడిలో ఎన్నోసార్లు చెప్పాడని విన్నాను.

ఆ రోజులు ఎలాంటివంటే, చేతిలో ఏది పట్టుకున్నా అనుమానమే. ఎవరు చెప్పారో, ఒకనాడు పొద్దు గూకే వేళ ఒక పోలీసు జవాను వచ్చాడు. కల్లంలో కెమెరా, దాని మీద నల్లబట్ట, పక్కన సారు.

"ఎవనికి సైగలు చేస్తున్నవ్? ఏంది గా నల్లబట్ట?"

సారు చెప్పబోయాడు. చేతులు ముందుకు వచ్చాయి, వణికాయి.

"తప్పు చేయకుంటె చేతులెందుకు వణుకుతున్నయ్?"

నేను చేట కింద పెట్టి వాళ్ళ మధ్యకు పోయాను. "ఆయన చేతులు చిన్ననాటి సంది గట్లనే వణుకుతయ్. లాఠి పట్టనికి పనికిరావనే సారైండు."

"నువ్వెవరు?"

"గీ ఇల్లు నాది. ఆయన చుక్కల ఫోటో తీస్తుండు. ఏం, చుక్కలు గూడ జులూసుల ఉన్నయా? ఉంటె పట్టుకపో. నిచ్చెన నేనిస్త."

జవాను ముఖం కాసేపు గట్టిగా పెట్టుకున్నాడు, నిలవలేదు, నవ్వొచ్చింది. పోతూ పోతూ టోపీ సర్దుకొని, తన ఫోటో ఒకటి తీయగలవా అని సారును అడిగాడు. సారు తీశాడు. అది గీత కాలేదు, మనిషే పడ్డాడు.

ఉద్యమం చల్లబడింది. బడి తెరిచారు. కెమెరా మాత్రం కల్లం విడిచిపోలేదు. కెమెరా కూడా ఆకాశంతో పాటు, అంతే మెల్లగా తిరిగితే తప్ప చుక్క చుక్కలా పడదని సారు లెక్క. కొన్నేళ్ళు కిందామీదా పడి ఒక ఉపాయం కట్టాడు. రెండు చెక్క పలకలు, ఒక అంచున తలుపులకు వేసే బందులు. పుస్తకంలా తెరుచుకుంటాయి. ఆ బందులున్న అంచు ఉత్తరాన బడి కప్పు మీద కనిపించే ధ్రువ నక్షత్రానికి గురి ఉండాలి. పై పలక మీద కెమెరా. కింది పలకలోంచి ఒక పొడుగు బోల్టు పైకి వస్తుంది. బోల్టు తిప్పుతుంటే పై పలక కొంచెం కొంచెం లేస్తుంది. నిమిషానికి సరిగ్గా ఒక చుట్టు. తక్కువైనా గీతే, ఎక్కువైనా గీతే.

పాపం, బోల్టు తిప్పాల్సింది ఆ చేతులు. పలకలు గడగడలాడేవి. గడియారం చూసుకోవాలంటే బ్యాటరీ లైటు వేయాలి, లైటు వేస్తే ఫోటో పాడవుతుంది. ఎన్ని రీళ్ళు పోయాయో లెక్కలేదు.

మా ఊరికి పిండి గిర్ని వచ్చింది కూడా అప్పుడే. గంటలో మూటకు మూట పిండి చేసి ఇస్తుంటే నా దగ్గరికి ఎవరొస్తారు? నా చేతికి పని పోయింది. మా ఇంటికి సరిపడా మాత్రం గిర్ని పిండి వద్దని కోడికూతకు లేచి విసురుకునేదాన్ని. ఒక తెల్లవారుజామున తలెత్తితే, గడప అవతల సారు. కందీలు వెలుగులో గడియారం చూసుకుంటున్నాడు.

"ఆడోళ్ళు ఇసురుతుంటె గడియారం పట్టుకొని నిలవడ్తరా సారూ? ఊరోళ్ళు సూస్తె ఏమంటరు?"

"ఏమన్న అననీ. నువ్వు ఆపకు అక్కా, తిప్పు. నీ రాయి నా గడియారం కంటె సక్కగ నడుస్తున్నది."

నిమిషానికి అరవై చుట్లట. మళ్ళీ చూశాడు, అరవై. మరునాడు చూశాడు, అరవై. నాకేం తెలుసు? ముప్ఫై ఏళ్ళుగా నా చేయి అలా తిరుగుతున్నది.

బోల్టుకు ఒక రేకు బిళ్ళ తొడిగాడు. దాని చుట్టూ పన్నెండు చిన్న మొలలు కొట్టాడు, చీకట్లో వేలికి తగలడానికి. "మనసుల రాయి తిప్పు, చేత్తోని బోల్టు తిప్పు. రాయి ఐదు చుట్లు తిరిగితె ఒక మొల. అంతే అక్కా," అన్నాడు. ఆ 'అంతే' నాకు చేతకావడానికి ఒక ఎండాకాలం, ఒక వానకాలం పట్టింది. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చొని ఉత్త పలకలు తిప్పేదాన్ని. సారు బడి నుంచి రాగానే గడియారం తీసేవాడు. అయిదు నిమిషాలు తిప్పించి, తప్పులు చెప్పేవాడు. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి నవ్వేవాళ్ళు.

"గిర్ని వచ్చినంక అక్కకు పిచ్చి లేసింది. కట్టె ముక్కలు ఇసురుతున్నది."

"మొగులును ఇసురుతున్న. పిండైనంక మీకు సోలెడు గూడ ఇయ్య, పోండ్రి."

దసరా పోయి వానలు పూర్తిగా వెనక్కి తగ్గిన రోజులవి. నేను విసరడానికి లేచే వేళకు గొల్లకావడి నెత్తిమీదికి వస్తుంది, ఆ వరుస మూడు చుక్కలు. దాని కింద వేలాడుతున్నట్టు ఇంకో మూడు చిన్నవి. వాటిలో నడిమిది చూపించాడు సారు.

"గది చుక్క గాదక్కా, పొగమబ్బు. నీహారిక అంటరు. ఆడ కొత్త చుక్కలు పుడుతున్నయ్."

"మంత్రసాని ఎవలు?"

"ఎవలు లేరు. వాటంతటవే పుడుతయ్."

"మరి ఏడుపు ఇనవడదా?"

సారు పైకి చూశాడు. "చానా దూరం అక్కా," అన్నాడు.

ఆ రోజు పలకల ముందు కూర్చున్నాక గానీ చెప్పలేదు, ఈసారి అయిదు కాదు, పదిహేను నిమిషాలని. లెన్సు ముందు పెట్టిన నల్లటి సత్తు మూత తీశాడు. నేను మొదలుపెట్టాను. ఐదు చుట్లు, ఒక మొల. ఐదు చుట్లు, ఒక మొల. కళ్ళు మూసుకున్నాను. మనసులో రాయి గరగర తిరుగుతున్నది, జొన్నపిండి వాసన కూడా వచ్చిందంటే నమ్మండి. అలా ఎంతసేపు పోయానో. ఒక చోట నా చేయి దానంతటదే ఆగింది. ఎడమ చేయి నేల మీద ఏదో పక్కకు తోసింది. మన్ను తగిలింది, పిండి కాదు. గబగబా తిప్పి, పోయిన మొలలన్నీ అందుకొని మళ్ళీ దారిలో పడ్డాను. సారు అటువైపు తిరిగి ఊపిరి కూడా తీయకుండా నిలబడ్డాడు. చూడలేదు. నేను చెప్పలేదు. చెప్పనందుకు ఇప్పటికీ సిగ్గే.

ఫిలిం కడిగింది మా గుమ్మి అర్రలో. దానికి కిటికీ లేదు. తలుపుకు గొంగడి కప్పి, కింద సందులో గోనెపట్టా కుక్కితే పట్టపగలు కూడా కన్ను పొడుచుకున్నా కనిపించదు. మందు నీళ్ళు చల్లగా ఉండాలని రంజన్ కుండలోని నీళ్ళు వాడేవాడు. పోయడం నా పని, లెక్కపెట్టడం సారు పని. కడిగిన ఫిలిం దండెం మీద వేలాడదీసి, ఆరేదాకా కింద కూర్చొని ఈగ వాలకుండా, దుమ్ము పడకుండా కాచుకోవడం కూడా నాదే. సారు బడికి పోతూ ప్రతిసారి ఒకే మాట చెప్పేవాడు. "తడి ఆరెదాక ముట్టకు అక్కా. ఎంత మంచిగున్నా ముట్టకు."

పెద్ద ఫోటో చేయించడానికి జనగామ స్టూడియోకు ఇద్దరం పోయాం. చీకటి గదిలో ఎర్ర బుడ్డి కింద, పళ్ళెంలో మందు నీళ్ళు, అందులో తెల్ల కాగితం. అది మెల్లమెల్లగా నల్లబడింది. నల్లబడని చోటల్లా చుక్కలు మిగిలాయి. నడుమ పొగ, గొల్లవాడి కావడిలోంచి పాలు ఒలికినట్టు. చివరికి స్టూడియో ఆయన వంగి చూశాడు.

"సారూ, చుక్కలకు తోకలొచ్చినయ్. బ్రష్షుతోని కొట్టేస్త, ఎవలకు ఎర్కగాదు."

ప్రతి పెద్ద చుక్కకూ పక్కన నువ్వుగింజంత సన్నటి తోక. అన్నీ ఒకే దిక్కుకు. సారు భూతద్దం పెట్టి చూసి నా వైపు తిరిగాడు.

"అక్కా, యాడ ఆగినవ్?"

"నేనేడ ఆగలె."

"ఆగినవ్. చుక్కలు చెప్తున్నయ్."

ఇంక దాచి లాభం లేదు. "సోలెడు జొన్నలు అయిపోయినయ్ సారూ. పిండి పక్కకు తీయాలె గద."

స్టూడియో ఆయనకు ఏమీ అర్థం కాలేదు. సారు గోడకు ఒరిగి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అయిదు నిమిషాల సాధనలో సోలెడు జొన్నలు ఎప్పుడూ అయిపోలేదు. పదిహేను నిమిషాలకు అయిపోతాయని అంత చదువుకున్న సారుకూ తోచలేదు, నాకూ తోచలేదు. స్టూడియో ఆయన బ్రష్షు తీసేసరికి సారు ఆపాడు.

"వద్దన్నా. గవి తీసేస్తె ఎవలో తీసిన ఫోటో అయితది. గా తోకలుంటెనే మనది."

పట్నంలో సైన్సు ప్రదర్శనకు ఫోటో పట్టుకుపోతూ నన్ను కూడా రమ్మన్నాడు. ఎందుకంటే, "తిప్పిన మనిషి లేకుండ ఎట్ల?" అన్నాడు. అక్కడ ఫోటోలను చూసి మార్కులు వేసే అధికారి ఒకాయన వచ్చాడు. మావైపు మనిషి కాదు.

"ఇది ఏ పుస్తకంలోంచి తీశారు మాస్టారూ?"

"పుస్తకంలకెల్లి గాదు సార్. మా ఊరి కల్లంలకెల్లి."

"మీ చేతులు చూసుకోండి. ఈ చేతులతోనే పావుగంట కెమెరా తిప్పారా?"

"నా చేతులు గావు. మా అక్క చేతులు."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "గడియారం చూడ్డం వచ్చా అమ్మా?"

"రాదు."

"మరి నిమిషం ఎలా తెలిసింది?"

"ఇసుర్రాయి లెక్క."

ముందు ఆయన నవ్వాడు. ఆయన వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకడు సినిమాల్లో మా మాటను వెక్కిరించినట్టే సాగదీసి, "ఇసుర్రాయి లెక్కంట," అన్నాడు. మళ్ళీ నవ్వారు.

"నవ్వుండ్రి," అన్నాను. "మీ ఇంట్ల గడియారం ఆగిపోతె గీ అమ్మనే పిలువుండ్రి. నిమిషం ఎంతుంటదో చెప్పిపోత."

సారు ఫోటో దించి తువ్వాలలో చుట్టుకున్నాడు. బస్సులో నేను ఏడుస్తుంటే, "వాళ్ళు నమ్మలేదంటె ఫోటో మంచిగొచ్చినట్టే అక్కా," అన్నాడు. నా కోపం చల్లారలేదు. ఇప్పుడు ఇది రాయిస్తున్నా చల్లారలేదు.

ఆ ఫోటోకు అద్దం కట్టించి సైన్సు గదిలో తగిలించాడు. కింద ఒక చీటీ తన చేత్తో రాసి గోడకు అంటించాడు.

"ఏం రాసినవ్ సారూ?"

"ఉన్నదే రాసిన."

నేను చదివించుకోలేదు. సారు రాశాడంటే సరిపోయింది. అది నా తప్పు.

తర్వాత సారుకు బదిలీ అయింది. మొదట మహబూబాబాద్ దిక్కు, తర్వాత సొంత దిక్కు. పదవీ విరమణ చేసి చిట్యాలలోనే ఉండిపోయాడు. ఏడాదికోసారి, వానలు వెనక్కి తగ్గాక, రెండు బస్సులు మారి మా ఊరికి వచ్చేవాడు. చివరిసారి వచ్చినప్పుడు చాయ్ గ్లాసు రెండు చేతులతో కూడా నిలవలేదు. నేను పట్టుకుంటే తాగాడు. పోయేటప్పుడు, "రాయి తిప్పుతున్నవా అక్కా?" అని అడిగాడు. తిప్పుతున్నానన్నాను. అబద్ధం కాదు. ఇంట్లో పిండి గిర్నిదే అయినా, వారానికోసారి తిప్పుతాను.

ఇక సభ సంగతి. నేను లేచి, "గా ఫోటో జమచేసింది గాదు, సారు తీసింది," అన్నాను. సభలో గుసగుసలు. బడి పెద్దసారు కొత్తవాడు, చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు.

"అవ్వా, మీ మనసు నాకు తెలుసు. గని రుజువు లేకుండ కాగితం ఎట్ల మారుస్త? ఫిలిం ఉన్నదా?"

"చెదలు తిన్నయ్."

"మరి?"

"రేపొస్త. గడియారం పెట్టుకొని కూసో."

మరునాడు మధ్యాహ్నం పలకలు పట్టుకొని పోయాను. అవి ఇన్నాళ్ళు మా గుమ్మికి మూతగా ఉన్నాయి. బోల్టుకు ఆముదం రాశాను. సైన్సు గదిలో బల్ల మీద పెట్టి, పెద్దసారును ఎదురుగా కూర్చోబెట్టాను. మిగతా సార్లు చుట్టూ చేరారు. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను, ఎవరి గడియారమూ కనబడకుండా.

మొదటి చుట్టు అయ్యేసరికి ఆయన నవ్వుతున్నాడు. మూడో చుట్టుకు నవ్వు ఆగింది. అయిదో చుట్టుకు, "ఒక్క సెకను గూడ తేడా లేదు," అని పక్కవాళ్ళతో మెల్లగా అనడం నాకు వినిపించింది. నేను పట్టించుకోలేదు. ఐదు చుట్లు, ఒక మొల. ఈసారి ఆగకూడదని గట్టిగా అనుకొనే వచ్చాను. ఊరి ముందు సారు పరువు పోగొట్టకూడదని. ఏడు దాటింది. ఎనిమిది దాటిందేమో. చేయి ఆగింది. ఎడమ చేయి బల్ల మీద లేని పిండిని పక్కకు ఊడ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు, ఒట్టు. నాకు తెలివి వచ్చి గబగబా తిప్పి అందుకున్నాను. "పిండి తీయనికి ఆగిన. గా రోజు గూడ గిట్లనే ఆగిన," అన్నాను.

అప్పటికే పెద్దసారు లేచాడు. భూతద్దం తీసుకొని ఫోటో దగ్గరికి పోయాడు. ఒక చుక్క, ఇంకో చుక్క, ఇంకోటి. చాలాసేపు చూశాడు.

"అవ్వా, ఆగినప్పుడు చుక్కలు జారినయ్. నువ్వు అందుకున్నంక మళ్ళ జాగల వడ్డయ్. గా జారిందే గీ తోక."

"అదే గద నేను చెప్పేది."

"పెద్ద దుర్భిణి ఉన్నోళ్ళు పిండి తీయనికి ఆగరు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

తడిబట్ట తెప్పించి, ఫోటో కింది కాగితాన్ని మెల్లగా తడిపి ఒలిచాడు. ఎప్పుడో ఇన్‌స్పెక్షన్ వస్తున్నదని గదిలో పటాలన్నిటికీ ఒకే తీరు అక్షరాలు రాయించి అంటించారట. అది ఊడి వచ్చింది. దాని కింద ఇంకో కాగితం ఉంది. పసుపుబారింది. నాకు చదువు రాదు. కానీ ఆ అక్షరాలు వణుకుతున్నాయి. ఎవరివో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

పెద్దసారు చదివాడు. 'గొల్లకావడి కింది నీహారిక. మన ఊరి కల్లంలో తీసినది. బోల్టు తిప్పినది' అని ఉంది, ఆ పక్కన నా పేరు ఉంది. అంతే. సారు పేరు లేదు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం. "సగమే రాసినవ్ సారూ," అన్నాను, అందరి ముందే. చూపు తనది, లెక్క తనది, ఆ పలకలు తనవి, పాడైన రీళ్ళన్నీ తనవి. పెద్దసారును కలం తీయమన్నాను. 'తీసినది' అని రాసి సారు పేరు రాయమన్నాను. అదే చీటీ మీద, నా పేరు పైన. ఆయన రాశాడు. కాగితం తడిగా ఉండటంతో సిరా కొంచెం పాకింది. కొత్త అక్షరాలు కూడా కాస్త వణికినట్టే పడ్డాయి.

బడి వదిలే గంట కొట్టారు. ఒక్కొక్కరే పోయారు. మా కోడలు, "పోదాం పా అత్తా," అన్నది. కాసేపు ఆగమన్నాను. బల్ల గోడ దగ్గరికి జరుపుకొని, ఆ చీటీ ముందు కూర్చున్నాను. కిటికీలోంచి ఒక ఈగ వచ్చింది. కొంగుతో తోలాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తోలాను. చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాను. తడి ఆరేదాకా ముట్టలేదు.